పీహెచ్‌సీలో సిబ్బంది ఖాళీలపై శాసనసభలో ప్రశ్న వేయించడం ఎలా?

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో ల్యాబ్ టెక్నీషియన్ లేక గర్భిణులు రక్తపరీక్షకు పట్నం దాకా వెళ్లవలసి వస్తే, ఆ కష్టాన్ని మనం సాధారణంగా రెండు చోట్ల చెప్పుకుంటాం. ఒకటి ఆసుపత్రిలో ఎదురుపడిన నర్సమ్మ దగ్గర, రెండోది సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోట. నర్సమ్మ చేతిలో ఏమీ లేదు. కలెక్టరేట్‌లో ఇచ్చిన అర్జీ జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి చేరుతుంది. ఆయన వెంటనే చేయగలిగేది పక్క కేంద్రంలోని టెక్నీషియన్‌ను వారానికి రెండు రోజులు ఇటు పంపడం, దానితో ఆ రెండు రోజులూ పక్క మండలం వారికి పరీక్షలు ఆగిపోతాయి. కొత్త పోస్టు మంజూరు చేయాలన్నా, ఖాళీని శాశ్వతంగా భర్తీ చేయాలన్నా నిర్ణయం రాష్ట్ర ప్రభుత్వానిది. ఆ ప్రభుత్వం చేత అంకెలతో, సభ రికార్డులో నిలిచేలా జవాబు చెప్పించే సాధనం శాసనసభ్యుడు వేసే ప్రశ్న. రాజ్యాంగం 164వ అధికరణం ప్రకారం మంత్రిమండలి శాసనసభకు సమష్టిగా బాధ్యత వహిస్తుంది కాబట్టి, సభ అనుమతించిన ప్రశ్నకు ఏదో ఒక జవాబు రాక తప్పదు. ఆ జవాబు పనికొచ్చేదిగా ఉంటుందా లేదా అన్నది చాలావరకు ప్రశ్న రాసిన తీరును బట్టి ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శినిలో ఎక్కువ భాగం ప్రశ్న తయారీకే కేటాయించాను.

ఇక్కడ ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని ఆరోగ్య కేంద్రాలను ఉదాహరణగా తీసుకున్నాను. బడిలో ఉపాధ్యాయులు, పశువైద్యశాలలో డాక్టరు, అంగన్‌వాడీలో కార్యకర్త లేని చోట కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

మొదటి అడుగు: ఖాళీ ఎక్కడుందో కచ్చితంగా తేల్చుకోండి

“మా ఆసుపత్రిలో సిబ్బంది లేరు” అన్న మాట నిజమే కావచ్చు కానీ, దానితో ప్రశ్న తయారు కాదు. ప్రతి పోస్టుకూ నాలుగు అంకెలు కావాలి: మంజూరైనవి ఎన్ని, కాగితం మీద నిండినవి ఎన్ని, నిండిన వాటిలో ఆ కేంద్రంలోనే రోజూ విధులు చేస్తున్నవారు ఎందరు, మంజూరైన సంఖ్య అసలు అవసరానికి సరిపోతుందా. ప్రభుత్వ లెక్కల్లో మొదటి రెండే ఎక్కువగా కనిపిస్తాయి. ప్రజల కష్టం ఉన్నది మూడో, నాలుగో అంకెల్లో.

మూడో అంకెను తేలికగా తీసుకోవద్దు. ఒక వైద్యాధికారి పోస్టు ‘భర్తీ’ అయినట్టు జాబితాలో ఉంటుంది. ఆ డాక్టరు ఇన్‌సర్వీస్ కోటాలో పీజీ చదవడానికి వెళ్లి ఉండవచ్చు, డిప్యుటేషన్ మీద జిల్లా కేంద్రంలో పనిచేస్తూ ఉండవచ్చు, దీర్ఘకాలిక సెలవులో ఉండవచ్చు. ఇవన్నీ నిబంధనల ప్రకారం జరిగేవే, ఆ డాక్టరును తప్పుపట్టవలసిన పని లేదు. అయితే ఆ కాలమంతా మీ కేంద్రానికి డాక్టరు ఉన్నట్టే లెక్క, రోగికి మాత్రం లేనట్టే లెక్క.

నాలుగో అంకె సంగతి ఒక చిన్న కూడికతో తెలుస్తుంది. 24 గంటలూ ప్రసవాలు చేయవలసిన కేంద్రంలో స్టాఫ్ నర్సులు ముగ్గురు ఉన్నారనుకోండి. ఎనిమిది గంటల షిఫ్టులుగా చూస్తే వారానికి 21 షిఫ్టులు. వారానికి ఒక సెలవు పోగా ఒక్కొక్కరు 6 షిఫ్టులు చేస్తారు, అంటే ముగ్గురూ కలిసి 18. ఎవరూ జబ్బు పడకపోయినా, ఎవరి ఇంట్లోనూ పెళ్లి లేకపోయినా, శిక్షణకు ఎవరినీ పిలవకపోయినా వారానికి మూడు షిఫ్టులు నర్సు లేకుండా మిగులుతాయి. అంటే మంజూరైన మూడు పోస్టులూ నిండినా ఆ కేంద్రం 24 గంటలూ నడవదు. ఇటువంటి చోట ‘ఖాళీలెన్ని’ అని అడిగితే ‘ఖాళీలు లేవు’ అన్న నిజమైన జవాబే వస్తుంది, సమస్య ఉన్నచోటే ఉంటుంది. అప్పుడు అడగవలసింది పోస్టుల సంఖ్యను ఏ ప్రమాణం ప్రకారం, ఎప్పుడు నిర్ణయించారని. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ రూపొందించి 2022లో సవరించిన భారత ప్రజారోగ్య ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో 30,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. మీ కేంద్రం పరిధిలోని ఊళ్ల జనాభాను కూడి చూసుకోండి.

ఈ వివరాల కోసం ముందు కేంద్రం గోడ మీది డ్యూటీ బోర్డు చూడండి, ఆసుపత్రి అభివృద్ధి సంఘంలో మీకు తెలిసిన సభ్యులుంటే సమావేశాల మినిట్స్ అడగండి. ఆ తర్వాత సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు పెట్టండి. రెండు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడా రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అదే శాఖలోని మొదటి అప్పిలేట్ అధికారికి అప్పీలు చేయవచ్చు. దరఖాస్తును జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి కార్యాలయానికే పెట్టడం మంచిది, ఎందుకంటే డిప్యుటేషన్ ఉత్తర్వుల ప్రతులు అక్కడే దొరుకుతాయి. రాష్ట్రాల వారీ పరిస్థితి తెలుసుకోవడానికి కేంద్ర ఆరోగ్య శాఖ ప్రచురించే హెల్త్ డైనమిక్స్ ఆఫ్ ఇండియా నివేదిక ఉంది, ఇదివరకు దీనినే రూరల్ హెల్త్ స్టాటిస్టిక్స్ అనేవారు.

ఒక్క జాగ్రత్త. మీకు లోపలి విషయం చెప్పిన నర్సు పేరు గానీ, ఏఎన్‌ఎం పేరు గానీ ఏ కాగితంలోనూ రాయకండి. ఉన్న కొద్దిమందీ ఇద్దరి పని ఒక్కరు చేస్తున్నారు, వారిని ఇబ్బంది పెట్టి సాధించేది ఏదీ లేదు.

రెండో అడుగు: ప్రశ్న వేసే సభ్యుడిని ఎంచుకోండి

మీ ఎమ్మెల్యే మంత్రి అయితే ఆయన సభలో ప్రశ్న వేయరు, జవాబు చెప్పే వైపు కూర్చుంటారు. అలాంటప్పుడు పక్క నియోజకవర్గం సభ్యుడి దగ్గరికి వెళ్లండి. తన నియోజకవర్గం గురించే అడగాలన్న నియమం ఏ సభ్యుడికీ లేదు. రెండు రాష్ట్రాల్లోనూ శాసనమండలి ఉంది కాబట్టి ఎమ్మెల్సీలను కూడా కలవవచ్చు. బడుల్లో ఖాళీల విషయమైతే ఉపాధ్యాయ నియోజకవర్గం నుంచి ఎన్నికైన ఎమ్మెల్సీకి ఆ లెక్కలు బాగా తెలిసి ఉంటాయి.

అధికార పక్ష సభ్యుడు అడగరన్న అభిప్రాయం పెట్టుకోకండి. రోజువారీ ప్రశ్నల జాబితా తీసి చూస్తే అధికార పక్షం వారి పేర్లు కూడా కనిపిస్తాయి, ఒకే ప్రశ్న కింద ముగ్గురు నలుగురు సభ్యుల పేర్లు ఉండడమూ మామూలే. వీలైతే రెండు పార్టీల సభ్యులను ఒకే విషయం మీద అడిగేలా ఒప్పించండి. ఆరోగ్య కేంద్రం అన్ని పార్టీల వారిదీ.

సభ్యుడి దగ్గరికి ఫ్లెక్సీలతో, పదిహేను మందితో వెళ్లనవసరం లేదు. ఒక పేజీ కాగితం, వెనుక సమాచార హక్కు కింద వచ్చిన జవాబు ప్రతి, రాసి సిద్ధం చేసిన ప్రశ్న తీసుకువెళ్లండి. సభ్యుడికి రోజూ వందల అర్జీలు వస్తాయి, రాసి తెచ్చిన ప్రశ్న అరుదుగా వస్తుంది. ఆయన వ్యక్తిగత కార్యదర్శికి కూడా ఒక ప్రతి ఇవ్వండి, సాధారణంగా నోటీసు ఫారం నింపేది వారే. ఇక ప్రశ్న వేయించడానికి ఎవరికీ, ఏ రూపంలోనూ డబ్బు ఇవ్వకూడదు. ప్రశ్నలకు డబ్బు తీసుకున్నారన్న కారణంతో 2005 డిసెంబరులో పార్లమెంటు 11 మంది సభ్యులను బహిష్కరించింది.

మూడో అడుగు: ప్రశ్న రాయండి

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన అడుగు ఇదే. ప్రశ్న శాసనసభ సచివాలయం నుంచి సంబంధిత శాఖకు వెళుతుంది, అక్కడి నుంచి డైరెక్టరేట్‌కు, అక్కడి నుంచి జిల్లా కార్యాలయానికి. ప్రశ్నలో ఏ అంశాలు అడిగారో ఆ అంశాలే ప్రొఫార్మా (వివరాలు నింపే పట్టిక)లో గడులుగా మారి జిల్లాకు చేరతాయి. మీరు డిప్యుటేషన్ గురించి అడగకపోతే ఆ గడి ఉండదు, గడి లేకపోతే జిల్లా ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు ఆ వివరం రాయరు, ఆ తర్వాత మంత్రికి వెళ్లే నోట్‌లోనూ అది ఉండదు. కాబట్టి జిల్లా ఆఫీసులో ఆ ప్రొఫార్మా నింపే మనిషిని మనసులో పెట్టుకొని ప్రశ్న రాయండి.

చాలామంది రాసే ప్రశ్న ఇలా ఉంటుంది: “ఫలానా మండలంలో వైద్య సిబ్బంది కొరత తీవ్రంగా ఉన్న మాట వాస్తవమేనా? అయితే ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?” దీనికి వచ్చే జవాబు: “(అ) లేదండీ. (ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు.” ఇందులో శాఖ అబద్ధం చెప్పిందని అనలేం, ఎందుకంటే ‘తీవ్రంగా’ అన్నది అభిప్రాయం, దానిని కాదనడానికి ఎవరికైనా వీలుంటుంది. ఇక ‘చర్యలేమిటి’ అన్నదానికి ‘తగు చర్యలు తీసుకుంటున్నాం’ అన్న జవాబు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

దానినే ఇలా రాయండి:

“వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి దయచేసి ఈ కింది విషయాలు తెలియజేస్తారా:
(అ) ఫలానా జిల్లాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో గత మార్చి 31 నాటికి మంజూరైన వైద్యాధికారి, స్టాఫ్ నర్సు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు కేంద్రాల వారీగా ఎన్ని; వాటిలో రెగ్యులర్, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతుల్లో భర్తీ అయినవి ఎన్ని;
(ఆ) భర్తీ అయిన పోస్టుల్లో డిప్యుటేషన్, ఉన్నత విద్య, దీర్ఘకాలిక సెలవు కారణంగా ఆయా కేంద్రాలలో విధులు నిర్వహించనివారు ఎందరు, ఎప్పటి నుంచి;
(ఇ) ఒక సంవత్సరానికి మించి ఖాళీగా ఉన్న పోస్టులు ఏవి;
(ఈ) వాటి భర్తీకి ఆర్థిక శాఖ అనుమతి ఏ తేదీన లభించింది, నియామక సంస్థకు ఇండెంటు ఏ తేదీన పంపారు, నోటిఫికేషన్ ఎప్పటిలోగా వెలువడుతుంది;
(ఉ) అప్పటివరకు రాత్రివేళ ప్రసవాలకు, రక్తపరీక్షలకు చేసిన ప్రత్యామ్నాయ ఏర్పాట్లు ఏమిటి?”

ఇందులో ఎక్కడా ఆరోపణ లేదు, విశేషణం లేదు. ఒక జిల్లా, ఒక తేదీ, నాలుగు రకాల పోస్టులు ఉన్నాయి. తేదీ పెట్టకపోతే శాఖ తనకు అనుకూలమైన తేదీ నాటి లెక్క ఇస్తుంది. రాష్ట్రమంతటికీ కలిపి అడిగితే ‘సమాచారం సేకరిస్తున్నాము’ అన్న జవాబు రావచ్చు, ఒక్క మండలానికే అడిగితే స్థానిక విషయమని పక్కన పెట్టే అవకాశం ఉంది. జిల్లా సరైన పరిధి అని నా అభిప్రాయం.

(ఈ) భాగం గురించి ఒక మాట. నియామకం వరుసగా కొన్ని మెట్లు దాటి జరుగుతుంది: శాఖ ప్రతిపాదన, ఆర్థిక శాఖ అనుమతి, రోస్టర్ పాయింట్లతో (ఏ పోస్టు ఏ రిజర్వేషన్ వర్గానికో చూపే క్రమంతో) నియామక సంస్థకు ఇండెంటు (పోస్టులు భర్తీ చేయమనే అభ్యర్థన), నోటిఫికేషన్, ఎంపిక, పోస్టింగ్, చేరిక. ఫైలు ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే ఎవరిని ఒత్తిడి చేయాలో తెలుస్తుంది. ‘భర్తీ ప్రక్రియ కొనసాగుతోంది’ అన్న మాటకు అర్థం ఆర్థిక శాఖ ఇంకా ఫైలు చూడలేదనీ కావచ్చు, రేపు పోస్టింగులు ఇవ్వబోతున్నారనీ కావచ్చు. తేదీలు అడిగితే ఆ అస్పష్టతకు చోటుండదు.

ప్రశ్న తిరస్కారానికి గురికాకుండా కూడా చూసుకోవాలి. వాదనలు, వ్యంగ్యం, వ్యక్తుల మీద నిందలు ఉండకూడదు; కోర్టు విచారణలో ఉన్న అంశం కాకూడదు; ఇప్పటికే సభలో జవాబు చెప్పిన ప్రశ్నను మళ్లీ అడగకూడదు; ప్రభుత్వ అభిప్రాయం కోరకూడదు. లోక్‌సభ నిబంధనల ప్రకారం ప్రశ్న సాధారణంగా 150 పదాలు మించరాదు, రాష్ట్ర సభకు కూడా ఆ లోపే రాస్తే మంచిది. పైన ఇచ్చిన నమూనాలో తీసివేయవలసి వస్తే (ఉ) తీసేయండి, (ఆ) మాత్రం ఉంచండి.

నాలుగో అడుగు: నక్షత్ర గుర్తు ఉండాలా, వద్దా?

నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో మౌఖికంగా జవాబు చెబుతారు, దానిపై సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. నక్షత్ర గుర్తు లేని దానికి లిఖితపూర్వక జవాబు మాత్రమే ఉంటుంది. అందరూ మొదటిదే కోరుకుంటారు, టీవీలో కనిపించేది అదే. అయితే ఆ జాబితాలో చోటు చాలా తక్కువ. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు ఉంటే, లిఖితపూర్వక జవాబులకు 230 ప్రశ్నలు ఉంటాయి. ఆ 20 కూడా గంటసేపు సాగే ప్రశ్నోత్తరాల సమయంలో పూర్తికావు.

అంకెలు కావాలంటే నక్షత్ర గుర్తు లేని ప్రశ్న వేయించండి, కేంద్రాల వారీ పట్టిక అనుబంధంగా వస్తుంది. మంత్రి నోటి నుంచి గడువు కావాలంటే నక్షత్ర గుర్తు ప్రశ్న కావాలి. ఒక సమావేశంలో అంకెలు తెప్పించుకొని, తర్వాతి సమావేశంలో ఆ అంకెల ఆధారంగా మౌఖిక ప్రశ్న వేయించడం అన్నిటికన్నా బలమైన పద్ధతి. ఓపిక ఉన్నవారు అలాగే చేయండి.

జీరో అవర్‌లో (సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే సమయంలో) ప్రస్తావించడం తేలిక, కానీ అక్కడ వెంటనే జవాబు చెప్పాలన్న నిర్బంధం మంత్రికి లేదు. ఒక మరణమో, ఆసుపత్రి మూతపడడమో జరిగినప్పుడు సావధాన తీర్మానం (అత్యవసర విషయంపై మంత్రి ప్రకటన కోరే నోటీసు) అడగవచ్చు.

ఐదో అడుగు: సమయానికి అందించండి

నోటీసుకు ముందస్తు గడువు ఉంటుంది. లోక్‌సభలో కనీసం 15 పూర్తి రోజులు. మీ రాష్ట్ర సభ గడువు సభ్యుడి కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు మించరాదని రాజ్యాంగం చెబుతోంది కానీ, సమావేశాలు ఎన్ని రోజులు జరగాలో చెప్పలేదు. కొన్ని సమావేశాలు నాలుగైదు రోజుల్లోనే ముగిసిపోతాయి, నోటీసు ఇచ్చిన ప్రశ్న జాబితాకే రాకుండా ఆగిపోతుంది. బడ్జెట్ సమావేశాలు ఎక్కువ రోజులు జరుగుతాయి, అదే సమయంలో వైద్య ఆరోగ్య శాఖ పద్దు కూడా చర్చకు వస్తుంది. కాబట్టి నవంబరు, డిసెంబరులలో సమాచారం సేకరించి జనవరి నాటికి ప్రశ్న సభ్యుడి చేతిలో పెట్టండి.

ఆరో అడుగు: సభ రోజుకు సభ్యుడిని సిద్ధం చేయండి

మౌఖిక ప్రశ్న జాబితాలోకి వచ్చిందని తెలిసిన వెంటనే సభ్యుడికి అనుబంధ ప్రశ్నలు రెండు మాత్రమే రాసి ఇవ్వండి, అంతకన్నా ఎక్కువకు సమయం దొరకదు. ఒక్కొక్కటి ఒకే వాక్యంలో, ఒకే విషయం మీద ఉండాలి. ఉదాహరణకు, “డిప్యుటేషన్ల రద్దుకు ఉత్తర్వులు ఏ తేదీలోగా ఇస్తారు?” అన్నది ఒకటి, “24 గంటల కేంద్రాల్లో నర్సు పోస్టులను షిఫ్టుల లెక్క ప్రకారం పెంచే ప్రతిపాదన ఉందా?” అన్నది రెండోది. సభ్యులు లేచి ఊళ్లోని కష్టాలన్నీ ఏకరువు పెడితే స్పీకరు “ప్రశ్న అడగండి” అంటారు, ఆ లోపు సమయం అయిపోతుంది. పైన చెప్పిన 21 షిఫ్టులు, 18 షిఫ్టుల లెక్క వంటి ఒక్క వివరం చేతిలో ఉంటే మంత్రి కూడా దానికి జవాబు చెప్పక తప్పదు.

ఒకవేళ ప్రశ్న వంతు రాకుండానే గంట ముగిసిపోతే నిరాశ పడనవసరం లేదు. జవాబును సభ ముందు ఉంచినట్టుగా పరిగణిస్తారు, దాని ప్రతి సభ్యుడికి అందుతుంది.

ఏడో అడుగు: జవాబు వచ్చాకే అసలు పని

జవాబు చేతికి రాగానే ప్రతి గడినీ మీ దగ్గరున్న వివరంతో సరిచూడండి. మీ కేంద్రంలో టెక్నీషియన్ ఉన్నట్టు అందులో ఉండి, గది తాళం మీరు రోజూ చూస్తూ ఉంటే, ఆ తేడాను డ్యూటీ బోర్డు ఫొటోతో, తేదీతో సభ్యుడికి లిఖితపూర్వకంగా తెలియజేయండి. సభకు తప్పుడు సమాచారం ఇవ్వడం శాఖకు చిన్న విషయం కాదు. సభ్యుడు ఒక లేఖ రాస్తే చాలు, జిల్లా ఆఫీసులో కదలిక వస్తుంది. లేఖలో కోపం అవసరం లేదు, తేడా చూపిస్తే సరిపోతుంది.

‘పరిశీలిస్తాం’, ‘సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం’, ‘త్వరలో భర్తీ చేస్తాం’ వంటి మాటలు జవాబులో ఉంటే వాటి కింద గీత గీయండి. ఇలాంటివి సభకు ఇచ్చిన హామీలుగా లెక్కకు వస్తాయి, వాటి అమలును చూడడానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంటుంది. పార్లమెంటులో అయితే హామీని మూడు నెలల్లో నెరవేర్చాలి. రాష్ట్రంలో కూడా ఆ కమిటీ అధ్యక్షుడికి మీ సభ్యుడి చేత లేఖ రాయించవచ్చు. ఈ కమిటీ ఉన్న సంగతి చాలామంది ప్రజలకు తెలియదు, అందువల్లే ఎన్నో మంచి హామీలు ఎవరూ అడగక మరుగున పడిపోతున్నాయి.

సమస్య మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్ వంటి కేంద్ర సంస్థలదైనా, రైల్వే ఆసుపత్రిదైనా ప్రశ్న వేయవలసింది మీ ఎంపీ. జాతీయ ఆరోగ్య మిషన్ కింద పనిచేసే కాంట్రాక్టు సిబ్బంది విషయంలో నిధుల గురించి ఎంపీ చేత, నియామకాల గురించి ఎమ్మెల్యే చేత అడిగించడం మేలు, లేకపోతే కేంద్రం, రాష్ట్రం ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు.

చివరగా, ప్రశ్న సంఖ్య, తేదీ, జవాబు ప్రతి ఒక ఫైలులో భద్రపరచండి. మరో నోటిఫికేషన్ వచ్చినా, ప్రభుత్వం మారినా, ఎమ్మెల్యే మారినా, తర్వాతి ప్రశ్నను “ఫలానా తేదీన, ఫలానా నంబరు ప్రశ్నకు ఇచ్చిన జవాబులో పేర్కొన్న పోస్టులలో ఇప్పటివరకు భర్తీ అయినవి ఎన్ని” అని మొదలుపెట్టండి. అప్పుడు శాఖ కొత్త లెక్క వేసుకోవడానికి వీలుండదు, తన పాత లెక్కకే జవాబు చెప్పవలసి ఉంటుంది.